బోరిక్ సంచి

కాజీపేటలో, సోమిడి రోడ్డు మీద,
రేకుల కప్పు కింద మా ప్లేటింగు షెడ్డు.
లోపల గాజు సామాను ఒక్కటీ ఉండదు.
ఓదెలు మామ చాయ్ కూడా స్టీలు గ్లాసుల తాగుతడు.
"గాజును తినేదానికి ఆశ చూపద్దు" అంటడు.

తొట్టి నల్ల ప్లాస్టిక్‌ది.
అందుల సీసం, తగరం కరిగి
ఉత్త నీళ్లలెక్కనే ఉంటయి.
ఇంజను బేరింగులు రాగి తీగలకు వేలాడి మునిగి
ముసురు పట్టిన మబ్బు రంగుల లేస్తయి.

నేను డిగ్రీల కెమిస్ట్రీ చదివి వచ్చినదాన్ని.
మొదటి రోజే అట్టముక్క మీద రాసి చూపించిన:
హైడ్రోఫ్లోరిక్, బలహీన ఆమ్లం.
మామ ఎడమచెయ్యి చూపుడువేలు నా ముందట పెట్టిండు.
దానికి కొస లేదు.
"మరి గిది తిన్నదెవరు?"

వరంగల్ స్టేషన్ రోడ్డుల
అద్దాల మీద నెమళ్లు దించే దుకాణం.
ఇరవై ఏండ్ల వయసు. ఒక్క చుక్క.
మంట లేదు, బొబ్బ లేదు,
ఆ రాత్రి సెకండ్ షో సినిమా కూడా చూసొచ్చిండు.
తెల్లారగట్ల నాలుగింటికి
ఎముకల ఎవరో బర్మా తిప్పినట్టయి
కేక పెట్టి లేచిండు.

బలహీనం అంటే
తన హైడ్రోజన్‌ను వదలలేనిది.
వదలలేక, జంటగనే, ఏ ఆవేశం లేని అమాయకురాలి లెక్క
చర్మం గడప దాటుతది.
లోపల సున్నం కనబడ్డంకనే
ఫ్లోరిన్ పిడికిలి విప్పుతది.
పుస్తకంల ఉన్నదే ఇది.
వేలు చూసేదాక చదవలేదు నేను.

బోరిక్ ఆమ్లం సంగతి మరీ అన్యాయం,
దాన్ని ఆమ్లం అనబుద్ధి కాదు.
ఫాతిమానగర్ క్లబ్బుల కారంబోర్డు మీద చల్లే పొడి అది.

ఇప్పుడు,
మంచుగడ్డల నడుమ పెట్టిన డబ్బాల
ఆ కరిచేదాంట్ల ఈ పొడిని
చెంచా చెంచా వేస్తడు మామ.
తొందరపడితే ఉడుకెత్తుతది.
మూడు చేతులు చాపి బల్లపరుపుగ పడుకున్న బోరాన్
నాలుగో చేతి కోసం లేచి కూసుంటది.
నాలుగు మూలలే గానీ కారంబల్ల కాదు,
ఎట్ల విసిరినా ఒక ముల్లు పైకే ఉండే
పల్లేరుకాయ.

ఇద్దరు బలహీనులు కలిస్తే
ఇంత బలమైన ఆమ్లం!

ఎందుకంటే ఉన్నది ఒక్కటే ఋణం,
నలుగురు ఫ్లోరిన్లు పంచుకున్నరు.
ఎవరి వంతుకూ భారం తెలువది,
అప్పు లేనోళ్ల లెక్కనే తిరుగుతరు.
పోయిన ప్రోటాన్‌ను వెనక్కి పిలువరు.
అది నీళ్ల చెయ్యి పట్టుకొని పోతనే ఉంటది.
బలమంటే పట్టు అనుకున్న ఇన్నాళ్లు.
ఈ తొట్టిల బలమంటే విడుపు.

అట్లని నమ్మి నిద్రపోయేది కాదు.
నెలలు గడిస్తే
ఒక ఫ్లోరిన్ నీళ్ల మాట విని జారుకుంటది,
మళ్ల ఆ పాత కాటు పుడుతది.
అందుకే తొట్టి మూలకు
పాత పంచె గుడ్డతోని కుట్టిన సంచి,
నిండ బోరిక్, ఎప్పుడూ వేలాడుతనే ఉంటది.
జారినదాన్ని జారినట్టే పట్టుకొని
మళ్ల పల్లేరుకాయ కడుతది.
పొద్దున రాంగనే మామ ఆ సంచిని పిసికి చూస్తడు.
గ్లవ్సుల చూపుడువేలు కొస
ఖాళీగ వంగిపోతది.

మొన్న ఆదివారం క్లబ్బుల ఆయనతో ఆడిన.
స్ట్రైకర్‌ను నడిమివేలితో కొడతడు.
రెడ్డు పడ్డది, ఫాలో పడలే.
తీసి మళ్ల నడిమిల పెట్టిండు,
అరచేతులు రాసుకుంట అన్నడు:
"బోరిక్ అయిపోవస్తున్నదే పిల్లా,
రేపు రెండు కిలోలు ఎక్కువ తేవాలె."

బల్లకో తొట్టికో
చెప్పలేదు.